పల్లెకును పట్నమునకును నడుమ శాసనసభ్యుని బాధ్యత

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



శాసనసభ్యుని బాధ్యతనుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినారు. విద్యార్థి వసతిగృహములు, వేతనములు, వివాహవ్యయముల తగ్గింపు మొదలగు విషయములు చర్చింపవలసిన వేదికపై ఈ ప్రసంగమేల యని కొందఱు శంకింపవచ్చును. మన కుటుంబములను ఒక్కమాఱు తలచుకొనుడు. అన్నదమ్ములలో ఒకడు పల్లెయందు సేద్యము చేయుచున్నాడు. రెండవవాడు నగరపు పొలిమేరను కాలనీలో ఇల్లు కట్టుకొన్నాడు. ఇరువురకును శాసనసభ్యుడొక్కడే. అతడు ఇరువురి పనిని ఎట్లు చేయవలెనో, ఇరువురును అతనిని ఏమి అడుగవలెనో విచారించుట మన సంఘమునకు తగిన పనియే.

ఇట్టి నియోజకవర్గములకు రంగారెడ్డి జిల్లాకంటె మంచి నిదర్శనము లేదు. 1978 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదు జిల్లాయొక్క గ్రామీణ భాగము వేఱై ఈ జిల్లా ఏర్పడినది. కొండా వెంకట రంగారెడ్డిగారి పేర ప్రసిద్ధమైనది. నగరమును నలుదెసల చుట్టుకొనియుండిన ఈ జిల్లాకు కలెక్టరు కచేరి చిరకాలము నగరములోనే యుండెను. పల్లెవాడు పట్టా పనికొఱకు పట్నమెక్కవలసి వచ్చెను. 2016లో వికారాబాదు, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలు దీనినుండి విడివడినవి. 2022లో కొంగర కలాన్ యందు క్రొత్త కచేరి తెఱవబడినది.

ఈ జిల్లాలోని మహేశ్వరము నియోజకవర్గమును చూడుడు. సరూర్‌నగరు ప్రాంతపు కాలనీలు, బడంగుపేట, మీరుపేట, జల్‌పల్లి మొదలగు శివారు పట్టణములు, మహేశ్వరము, కందుకూరు మండలముల పల్లెలు అన్నియు దీనిలోనివే. ఒక కొనను మురుగుకాలువ లేదని మొఱ్ఱ. మఱియొక కొనను బోరు ఎండినదని మొఱ్ఱ. నడుమ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి సాగిపోవుచున్నది. దానికి ఇరుప్రక్కల భూముల వెలలు పెఱిగి, నిన్నటి జొన్నచేను నేడు ప్లాట్ల రాళ్లు పాతిన మైదానమైనది.

ఈ మార్పు చెడ్డదని మేము చెప్పము. దవాఖానా, పాఠశాల, ఉద్యోగము సమీపమునకు వచ్చుట ఎవరికి ఇష్టముగాదు? కాని పల్లె పట్నముగా మాఱు ఘడియలో వచ్చునది అందఱి కంటికి కనబడును. పోవునది ఎవరి లెక్కకును రాదు. ఆ పోవుదానిని లెక్కకు తెచ్చుటయే ఇట్టి నియోజకవర్గపు సభ్యుని ప్రధాన ధర్మమని మా యభిప్రాయము.

మొదట పోవునది కూలివాని పని. 2005లో పార్లమెంటు చేసిన ఉపాధిహామీ చట్టము గ్రామ కుటుంబమునకు ఏటికి 100 దినముల పనికి హామీ యిచ్చినది. 2025 డిసెంబరులో చేసిన క్రొత్త చట్టము దానిని 125 దినములుగా పేర్కొన్నది. రెండును గ్రామప్రాంతములకే. 2024 సెప్టెంబరులో నగర పరిసరములందలి 51 గ్రామపంచాయతులను సమీప పురపాలక సంఘములలో కలిపిరి. 2025 డిసెంబరులో బడంగుపేట, మీరుపేట, జల్‌పల్లి మొదలగు 27 పట్టణ సంస్థలను హైదరాబాదు మహానగర పాలక సంస్థలో చేర్చిరి. పంచాయతి పురపాలకములో కలిసిన పల్లెలో కూలివాని గుడిసె మాఱలేదు, గంప మాఱలేదు, పార మాఱలేదు. బోర్డుపై పేరు మాత్రము మాఱినది. దానితో అతని జాబుకార్డు చెల్లని కాగితమైనది, గ్రామసభ లేకపోయినది.

రెండవది భూమి పరిహారము. 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము మార్కెట్టు వెలను ఒక గుణకముచే హెచ్చించి, ఆ మొత్తమునకు సమానమైన ఓదార్పు సొమ్ము చేర్చవలెను. పట్టణమునకు ఆ గుణకము ఒకటి. గ్రామమునకు పట్టణపు దూరమునుబట్టి ఒకటి మొదలు రెండు వఱకు. ఎకరము వెల 20 లక్షలనియు, గుణకము ఒకటిన్నర యనియు అనుకొందము. ఇతర మొత్తములను విడిచి చూచినచో గ్రామమైనప్పుడు 30 లక్షలు, ఓదార్పు సొమ్ము మఱి 30 లక్షలు, వెరసి 60 లక్షలు రావలెను. అదే చేను పట్టణపు హద్దులో చేరినచో 20కి 20 కలిపి 40 లక్షలే. సేద్యగాడు కదలక కూర్చున్నచోటనే ఇరువది లక్షల తేడా వచ్చినది! కందుకూరు, యాచారము ప్రాంతములలో మొదట ఔషధ నగరమనియు, తరువాత భావినగరమనియు పెద్ద యోజనలు నడచినవి. అట్టి చోట్ల హద్దు మాఱుటకును భూసేకరణకును గల ముందువెనుకలను సభ్యుడు కనిపెట్టియుండవలెను.

మూడవది చెఱువు. మన పూర్వులు కట్టినవి గొలుసుకట్టు చెఱువులు. మీది చెఱువు మత్తడి దూకిన నీరు క్రింది చెఱువునకు పాఱును. ఈ నీటికి పంచాయతి తెలియదు, పురపాలకము తెలియదు. 2020 అక్టోబరు వర్షములకు బాలాపూరు గుఱ్ఱపు చెఱువు కట్ట తెగి దిగువనున్న నగర బస్తీలను ముంచినది. ఎగువ శిఖము భూములలో ప్లాట్లు పడి కాలువలు పూడిపోయినచో దుఃఖము దిగువవానిది. అట్టి ప్లాటు కొన్న కాలనీవాడు సర్వదా దోషియనియు చెప్పరాదు. రిజిస్ట్రేషను జరిగినది, పన్ను కట్టించుకొనిరి, కరెంటు ఇచ్చిరి. తుదకు నీరు వచ్చినప్పుడు గదా ఇది చెఱువని చెప్పినారు! నీటిపారుదల, రెవెన్యూ, పురపాలక, పట్టణాభివృద్ధి శాఖలు నాలుగును ఒకే చెఱువును గూర్చి నాలుగు తెఱగుల మాటలాడును. నలువురిని ఒక బల్లకడ కూర్చుండబెట్టగలవాడు ఆ ప్రాంతమున శాసనసభ్యుడే.

అయినను అతని కష్టమును మనము గుర్తింపకుండరాదు. మన శాసనసభకు 119 స్థానములు. వాని హద్దులు 2001 జనాభా లెక్కలనుబట్టి ఏర్పడి 2009 ఎన్నికలనుండి నడచుచున్నవి. నగరపు అంచులు ఆ తరువాత ఉప్పొంగినవి. 2023 ఎన్నికలనాటికి శేరిలింగంపల్లిలో ఓటర్లు ఏడు లక్షలు దాటిరి, మహేశ్వరములో అయిదు లక్షలు దాటిరి, భద్రాచలములో సుమారు ఒకటిన్నర లక్ష మందియే. ఒక్క మనిషి అన్ని లక్షల గడపలు తొక్కజాలడు. ఓట్లు కాలనీలలో అధికము కావున పల్లెను మఱచుటకు శోధన కలుగును. ఇక కాలనీవారి సంగతి: 2023లో రాష్ట్రమందు నూటికి 71 మంది ఓటు వేయగా, హైదరాబాదు జిల్లాలో సగముమందియైన రాలేదు. ఓటునకు రానివాని కాలువనుగూర్చి తొందరపడువారెవ్వరు? పల్లెకు సంఖ్య లేదు. కాలనీకి శ్రద్ధ లేదు. ఇరువురును నష్టపోవుచున్నారు.

సభ్యుని చేతిలో గల పనిముట్లు ఏవి? ప్రశ్నోత్తర సమయమున మంత్రిని నిలదీసి జవాబును గ్రంథస్థము చేయింపవచ్చును. మంత్రి సభలో ఇచ్చిన మాటను హామీల సంఘము వెంటాడును. ప్రజల అర్జీలను విచారించుటకు అర్జీల సంఘము కలదు. బడ్జెటు పద్దులపై చర్చలో తన ప్రాంతపు కొఱతను చెప్పవచ్చును. పురపాలక సంఘమునందు పదవిరీత్యా సభ్యుడుగా కూర్చుండవచ్చును. ఇవి దండలకంటెను, ప్రారంభోత్సవపు కత్తెరలకంటెను పదునైన పనిముట్లు. వీనిని వాడినవాడే సభ్యుడు, వాడనివాడు అతిథి.

ఇక మన సంగతి. మహాసభ జరిగిన ప్రతిసారియు శాసనసభ్యులను ఆహ్వానించి, శాలువ కప్పి, సంఘభవనమునకు స్థలము కావలెనని విన్నపము సమర్పించుట మనకు వాడుకయైనది. మన పోషకుల దాతృత్వమునకు మేము కృతజ్ఞులము, భవనమును వలదనము. కాని ఆ ఒక్క కోరికతో మన పెద్దఱికము తీరిపోయినచో, జాబుకార్డు పోయిన కూలిది ఎవరు అడుగుదురు? కౌలు కాగితము లేక పరిహారములో వాటా పోయినవానిది ఎవరు అడుగుదురు? మనవాడు గెలిచినాడని సంతోషించుట సహజమే. కాని గెలిచినవాడు కులమునకు ప్రతినిధి కాడు. ఊరికి, వాడకు, పొలమునకు, చెఱువునకు ప్రతినిధి. మనవాడని అతనిని పని అడుగుటకు మొగమాటపడినచో మనమే అతనిని చెఱచినవారమగుదుము.

కావున ఈ సభకు మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: నగరపు హద్దునకు చేరువగానున్న ప్రతి గ్రామమందును మన శాఖలవారు కులభేదము లేక కూలివారియొక్కయు, కౌలుదారులయొక్కయు పేర్ల పట్టికను వ్రాసి, హద్దు మాఱకమునుపే సభ్యునకు అందజేయవలెను. రెండవది: భూసేకరణకు తొలి ప్రకటన వెలువడినప్పుడు అభ్యంతరములకు చట్టము 60 దినములు గడువిచ్చినది. ఆ దినములను బంధువులతో చర్చలకు వెచ్చింపక వ్రాతపూర్వకముగా అభ్యంతరము దాఖలు చేయవలెను. మనలో న్యాయవాదులు కొఱత లేదు. వారు రుసుము లేక ఈ సేవ చేయుదురుగాక. మూడవది: పల్లెలోని అన్నయు కాలనీలోని తమ్ముడును వేఱువేఱు అర్జీలతో పోక, చెఱువు, కాలువ, బాట విషయములలో ఒక్క అర్జీతో కలిసి పోవలెను. అప్పుడు సంఖ్య కాలనీది, శ్రద్ధ పల్లెది యగును. అట్టి అర్జీని త్రోసిపుచ్చుట ఎట్టి సభ్యునకును సులభముగాదు.

వచ్చు సంవత్సరము మహాసభకు శాసనసభ్యులను తప్పక ఆహ్వానింతము. శాలువ కప్పుదము. కప్పిన పిమ్మట, గడచిన సంవత్సరమున మనమిచ్చిన పట్టికను వారి యెదుట చదివి, ఏ పేరునకు ఏమి జరిగినదో వినయముగా అడుగుదము. వినయముగా అడుగుటయు, విడువక అడుగుటయు రెండును మర్యాదయే.