మొక్కల జాతర

(శ్రీరాంపూర్ రాత్రి బడిలో చెప్పిన మాటలు)



జాతర అంటే మనకు కొత్త కాదు. మాఘమాసంలో గాంధారి ఖిల్లా మైసమ్మ జాతర మన దగ్గరే జరుగుతుంది. జనం మొక్కులు తీర్చుకుంటారు. గాజులు, బొమ్మలు కొనుక్కొని ఇంటికి వస్తారు. ఈ రోజు ఇంకో జాతర సంగతి చెప్తాను. అది మొక్కల జాతర. అక్కడ దుకాణాల నిండా మొక్కలే ఉంటాయి. గులాబీ, మల్లె, మామిడి, జామ, నిమ్మ అన్నీ ఒకచోట దొరుకుతాయి. పట్నంలో దాన్ని పూల ప్రదర్శన అంటారు, నర్సరీ మేళా అంటారు.

"టీచరమ్మా, మొక్కల జాతరతో మాకేం పని?" అని మీరు అడగవచ్చు. పని ఉంది. అది మీ పైసల సంగతి. మీ ఐదారేళ్ళ కష్టం సంగతి. ముందుగా తోటల కథ వినండి.

రాజుల తోటలు

వెనుకటి రోజుల్లో పెద్ద తోట అంటే రాజుదే. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీ రాజులకు తోటలంటే ఇష్టం. గోల్కొండ నయాఖిల్లాలో ఇప్పటికీ ఒక పెద్ద చెట్టు ఉంది. దాన్ని ఏనుగుల చెట్టు అంటారు. అది ఆఫ్రికా ఖండపు జాతి చెట్టు. కొన్ని వందల ఏళ్ళ కింద అరబ్బు వర్తకులు తెచ్చి ఇచ్చారని చెప్తారు. ఆ రోజుల్లో మంచి మొక్క దేశాలు దాటి వస్తే రాజుగారి తోటకే పోయేది. పేదవాడి వాకిట్లోకి వచ్చేది కాదు.

బెంగళూరులో లాల్‌బాగ్ అనే తోట ఉంది. 1760లో హైదర్ అలీ దాన్ని మొదలుపెట్టించాడు. ఆయన కొడుకు టిప్పు సుల్తాన్ దేశదేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు. ఇప్పుడది 240 ఎకరాల తోట. అందులో ఒక గాజు మేడ ఉంది. లండన్‌లోని గాజు మహలును చూసి అట్లాంటిదే కట్టారు. దానికి 1889లో పునాది రాయి వేశారు.

ఇప్పుడు ఆ తోట రాజుది కాదు, ప్రజలది. ఏటా రెండుసార్లు అక్కడ పూల ప్రదర్శన పెడతారు. ఒకటి జనవరి 26 దగ్గర, ఇంకొకటి ఆగస్టు 15 దగ్గర. టికెట్ కొన్న ఎవరైనా లోపలికి పోవచ్చు. చూడవచ్చు, మొక్కలు కొనవచ్చు. బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్ళు కూడా పిల్లలను తీసుకొని పోతారు.

మన అంగట్లో బెంగళూరు వంకాయ అమ్ముతారు కదా! దాని పుట్టిల్లు మెక్సికో దేశం వైపు. లాల్‌బాగ్ తోటను చూసుకున్న జాన్ కామెరాన్ అనే దొర దాన్ని బెంగళూరుకు తెచ్చాడని చెప్తారు. చూడండి, ఆ తీగ ఎక్కడ పుట్టింది, ఎవరి తోటకు వచ్చింది, చివరికి ఎవరి కూరగిన్నెలో పడింది!

మన హైదరాబాదులో కూడా హుస్సేన్ సాగర్ ఒడ్డున, నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళాలు జరిగాయి. గోదావరి జిల్లాల్లోని కడియం ప్రాంతం మొక్కల పెంపకానికి పేరు మోసింది. అక్కడి మొక్కలు మన దాకా వస్తాయి. మంచిర్యాలలో రైలెక్కితే సికింద్రాబాదులో దిగవచ్చు. కాని పోయేముందు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

ఒక అక్క కథ

మన బడికి వచ్చే ఒక అక్క ఇంటిముందుకు ట్రాలీ ఆటోలో మామిడి మొక్కలు వచ్చాయి. "అంటు మొక్కలమ్మా, బంగినపల్లి, మూడేళ్ళకే కాత" అన్నాడు అమ్మేటాయన. అక్క నాలుగు మొక్కలు కొన్నది. చీటీ లేదు, పేరు లేదు. బిందెలతో నీళ్ళు మోసి పెంచింది. మూడేళ్ళు పోయాయి, కాత లేదు. ఏడో ఏట కాసింది. కాయ చిన్నది, పులుపు, నిండా పీచు. తొక్కుకు పనికొచ్చింది. కాని అక్క తొక్కు కోసం కొనలేదు. అమ్మి నాలుగు పైసలు చూద్దామని కొన్నది. ఏడేళ్ళ తర్వాత ఆ ఆటో ఎక్కడ దొరుకుతుంది?

విత్తనం నకిలీదైతే ఒక్క పంటలో తెలుస్తుంది. మొక్క నకిలీదైతే ఏళ్ళు గడిచినంక తెలుస్తుంది. అందుకే మొక్క కొనేటప్పుడే కండ్లు తెరవాలి.

కొనేముందు నాలుగు సంగతులు

ఒకటి. అంటు చూడండి. అంటు మొక్కలో కింద నాటు మామిడి వేరు ఉంటుంది. పైన మంచి చెట్టు కొమ్మ ఉంటుంది. రెండూ అతికినచోట ముడి కనబడుతుంది. ఆ ముడి గట్టిగా, పూర్తిగా అతికి ఉండాలి. ముడి లేకపోతే అది టెంక మొక్క కావచ్చు. టెంక మొక్క తల్లి చెట్టు లాంటి కాయ ఇస్తుందని నమ్మకం లేదు. కాతకు కూడా ఎక్కువ ఏళ్ళు పడుతుంది.

రెండు. పేరు చదవండి. మొక్కకు కట్టిన చీటీని మీరే చదవండి, ఇంకొకరితో చదివించుకోకండి. ఒకే మామిడికి రెండు పేర్లు ఉంటాయి. బంగినపల్లినే హైదరాబాదులో బేనిషాన్ అంటారు. ఇమాంపసంద్‌నే హిమాయత్ అంటారు. పేరు మారిందని రెండోసారి అదే మొక్క కొనకండి.

మూడు. ఆకు తిప్పి చూడండి. ఆకు అడుగున తెల్లటి పిండి లాంటి పురుగు ఉంటే వద్దనండి. ఆ పురుగు మీ ఇంట్లో ఉన్న చెట్లకు కూడా పాకుతుంది.

నాలుగు. బిల్లు అడగండి. బిల్లు మీద నర్సరీ పేరు, ఊరు, మొక్క రకం, తారీకు ఉండాలి. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ ఉన్నదా అని అడగడం మీ హక్కు. అడిగితే కోపం చేసేవాని దగ్గర కొనకండి.

ఎప్పుడు నాటాలి?

ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల్లో పాత కోటల తోటల్లో మొక్కల సంతలు పెడతారు. వాటిలో చాలా వసంతకాలంలో జరుగుతాయి. అక్కడ చలికాలంలో మంచు పడుతుంది. మంచు పోయినంక నాటిన మొక్క బతుకుతుంది. మన లెక్క వేరు. మనకు వసంతం వెనకాలే ఎండ వస్తుంది. బొగ్గు బాయిల ఊర్లో ఎండ ఎట్లుంటదో మీకు నేను చెప్పాలా?

కాబట్టి ఎండాకాలంలో గుంత తవ్వండి. మామిడికి మూడడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. గుంత ఎండకు కాగనివ్వండి. వానలకు ముందు పైమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. మంచి వాన పడినంక నాటండి. అంటు ముడి మట్టిలో పూడిపోవద్దు. ముడి కిందనుంచి చిగురు వస్తే గిల్లేయండి. అది నాటు మామిడి చిగురు. మొక్క ముందే కొంటే వానలదాకా నీడలో పెట్టి నీళ్ళు పోయండి.

సింగరేణి క్వార్టర్లలో ఉండేవాళ్ళు ఇంకో సంగతి ఆలోచించాలి. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. మామిడి మనవెంట రాదు. వాళ్ళకు తొట్టిలో పెరిగే నిమ్మ, కర్యపాకు, మల్లె మేలు. తొట్టిని బండిలో పెట్టుకొని సొంతూరికి పోవచ్చు.

డబ్బు పెట్టలేనివాళ్ళు దిగులు పడవద్దు. 2015లో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరూరా నర్సరీ ఉండాలని చెప్పింది. పంచాయతీకి పోయి అడగండి. అక్కడ కూడా మొక్క పేరు అడిగి రాసుకోండి.

ఇప్పుడు మీ నోటు పుస్తకాలు తీయండి. అంటు, పేరు, ఆకు, బిల్లు. ఈ నాలుగు మాటలు రాయండి. రేపు వచ్చేటప్పుడు మీ వాకిట్లో ఉన్న ఒక చెట్టు పేరు, దాన్ని నాటిన సంవత్సరం రాసుకొని రండి. అందరం చదువుదాం.