చలనచిత్రము – ధర్మవిచారము



పూర్వము పురాణ కాలక్షేపమునకు కూడిన జనము పిదప చలనచిత్రమునకు కూడినది. పౌరాణికుడు నడుమ నాగి అర్థము చెప్పును, తెర ఆగదు. చూచినదానిని విచారించుటకు గ్రంథాలయమే తగిన తావు.

1957లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వెలువడిన 'పాండురంగ మహాత్మ్యం' చిత్రమునే చూడుడు. నందమూరి తారక రామారావు ధరించిన పుండరీకుడు వేశ్యాలోలుడై జననీజనకులను నొప్పించును. కాళ్లు కోల్పోయి, పశ్చాత్తప్తుడై, వారి సేవచే ధన్యుడగును. తెనాలి రామకృష్ణుని 'పాండురంగ మాహాత్మ్యము'న దారి తప్పినవాడు నిగమశర్మ. అక్క చెప్పిన హితవును పెడచెవిని బెట్టిన అతనిని తుదకు తరింపజేసినది క్షేత్రమహిమ.

కావ్యమున క్షేత్రము, చిత్రమున సేవ: ఏది తారకము? ఈ ప్రశ్నను పఠనమందిరమున పిన్నలు పెద్దలు కూడి, కావ్యమును ముందుంచుకొని చర్చింపవలెను.

పండరిపురమున స్వామి యిటుకపై నిలిచియున్నాడు. భక్తుడు తల్లిదండ్రుల సేవ ముగించువరకు అట్లు వేచినాడని పెద్దల వాక్కు. దైవమే వేచిన ఆ సేవకు చోటు దూరమున లేదు; ప్రతి యింటి వసారాలో, ముదుసలి మంచము చెంతనే యున్నది. చిత్రము చూచి కన్నీరు విడిచినవారు ఇల్లు చేరి ఆ మంచము కడకు పోయిరా, లేదా? చర్చకు ఫలము అదియే.

స్వస్తి.