కార్ల కన్సల్టెన్సీ, చేతిలో ఫోను

పాత కార్లంటే నాకున్న యావ తెలిసి, ఆన్‌లైన్ అమ్మకాల కాలంలో చిన్న ఊళ్ల కార్ల కన్సల్టెన్సీలు ఎలా నిలబడాలో మాట్లాడమన్నారు రేడియో వారు. ఖర్చు తక్కువయ్యే ఉపాయాలే చెప్పాలని షరతు కూడా పెట్టారు. ప్రచారం, కాగితాలు, అప్పులు, ఈ వరసలో చెప్పుకుపోతాను. అప్పుల దాకా వస్తానో లేదో మరి.

పోటీ ఎవరితోనో మీకు తెలిసిందే. కార్స్24, స్పిన్నీ రెండూ 2015లో మొదలయ్యాయి. ధర రాసి పెడతారు, బేరం ఉండదు. అలాంటి యాప్ మీరూ పెట్టుకోండని మన కొట్టువాళ్లకు సలహాలిచ్చేవారికి కొదవ లేదు. రోడ్డు పక్క స్థలం అద్దెకు తీసుకుని పది బండ్లు నిలబెట్టుకున్న మనిషికి యాప్ ఎందుకండీ? వెబ్‌సైటు కూడా అక్కర్లేదంటాను. గూగుల్ మ్యాప్‌లో కొట్టు పేరు ఎక్కించుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్‌లో బండ్ల ఫోటోలు, ధరలు వరసగా పెట్టుకోవచ్చు, అదీ ఉచితమే. ఈ రెండూ చాలు.

వాటిలో ఏం పెడుతున్నారో చూస్తేనే ఒళ్లు మండుతుంది. కంపెనీ బ్రోచర్‌లోంచి దించిన బొమ్మ, దాని కింద ‘షోరూమ్ కండిషన్’, ‘ధర కోసం ఫోన్ చేయండి’. ధరే దాచినవాడు ఇంకేం దాచాడోనని కొనేవాడు అనుకోడా?

మరి ఏం చూపాలి? వెనకటి పద్ధతిలోనే జవాబుంది. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. వాటితోపాటే ఒక అలవాటు కూడా సన్నగిల్లింది. వెనకటికి పాత బండి కొనడానికి వెళ్తే వెంట మిస్త్రీ ఉండాల్సిందే. ఆయన స్టీరింగ్ జోలికి పోయేవాడు కాదు. ముందు బానెట్ మీద అరచెయ్యి వేసేవాడు. వెచ్చగా ఉందంటే, మనం రాకముందే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. తర్వాత తలుపుల మీద వేలి కణుపులతో కొట్టుకుంటూ పోయేవాడు. రేకు మోత ఒకలా ఉంటుంది, పుట్టీ పెట్టినచోట మోత ఇంకోలా ఉంటుంది. జేబులోంచి అయస్కాంతం ముక్క తీసి అనుమానం వచ్చినచోట పెట్టేవాడు. పుట్టీ మందంగా ఉంటే అది పట్టదు. తలుపు రబ్బరు కొంచెం లాగి లోపలి వెల్డింగు చుక్కలు చూసేవాడు. ఫ్యాక్టరీ చుక్కలు ఒక వరసలో ఉంటాయి, గుద్దుకున్న బండిలో ఆ వరస చెదురుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసేవాడు. పొగ గుప్పుగుప్పున వస్తే రింగులు అరిగాయని తేల్చేసేవాడు. ఇప్పుడు కొనేవాళ్లు టచ్ స్క్రీన్ ఎన్ని అంగుళాలని అడుగుతున్నారు!

ఓసారి మా మిత్రుడి కోసం విజయవాడలో బండి చూడబోయాం. వెంట వచ్చిన మిస్త్రీ బానెట్ ముట్టుకుని, “ఏవండీ, కాసేపు ఆపేయండి. భోజనం చేసొస్తాం, ఈలోగా చల్లారుతుంది” అన్నాడు. తిరిగొచ్చి స్టార్ట్ చేయిస్తే వెనకనుంచి నీలం పొగ. “వాల్వు సీళ్లు పోయాయి, ఆ ఖర్చు ధరలో తగ్గించండి” అన్నాడు. కొట్టాయన కోపగించుకోలేదు, తగ్గించాడు. ఇప్పుడు ఆ కొట్టు ఆయన కొడుకు చూస్తున్నాడు. రాత్రంతా చల్లబడిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి, ఆ చప్పుడు, ఆ పొగ కనబడేలా ఫోనులో తీసి అడిగినవాళ్లకు పంపుతాడు. ఖమ్మం నుంచీ నెల్లూరు నుంచీ బేరాలు వస్తున్నాయట.

నేను చెప్పదలిచిన ఉపాయం అదే. వెనకటి మిస్త్రీ చూసేవన్నీ కొట్టాయనే ఫోనులో చూపించాలి. గీతలు, సొట్టలు దగ్గరగా తీయాలి. టైరు మీద ఉండే నాలుగంకెల తారీఖు చూపాలి. 3221 అని ఉంటే 2021లో 32వ వారం తయారైందని. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో వీధులకు వీధులే మునిగాయి కదా. అప్పటినుంచి నన్నెవరు సలహా అడిగినా, సీటు బెల్టు కొసదాకా లాగించి చూడమంటున్నాను. నీట మునిగిన బండి పైకి ఎంత తుడిచినా ఆ కొసన బురద మరక మిగిలిపోవచ్చు. స్టెప్నీ పెట్టే గుంటలోనూ అంతే. అడగకముందే ఇవి చూపిన కొట్టుకు ప్రకటన ఖర్చు ఉండదు.

ఇంకోటి. సైన్యంలో పనిచేస్తున్నాం, బదిలీ అయింది, కారు చవగ్గా ఇచ్చేస్తాం, అడ్వాన్సు పంపండి అంటూ ఆన్‌లైన్‌లో జరిగే మోసాల సంగతి వినే ఉంటారు. అక్కడ అమ్మేవాడికి చిరునామా ఉండదు. మన కన్సల్టెన్సీకి బోర్డుంది. ప్రతి వీడియో ఆ బోర్డు దగ్గర మొదలుపెట్టండి.

కాగితాల్లో మన కొట్లు మరీ నిర్లక్ష్యం. యజమాని పేరు మార్పుకు వాడే ఫారం 29, 30ల మీద ఖాళీగా సంతకాలు చేయించుకుని, సి బుక్కు పేరు మార్చకుండానే బండిని చేతులు మారుస్తారు. అది ఎక్కడో ప్రమాదం చేస్తే పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న పాత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. యజమాని బండి అప్పగించినట్టు పోర్టల్‌లో తెలియజేశాక దాని బాధ్యత డీలరుది. ఆ పత్రాన్ని ఫోటో తీసి బండ్ల జాబితాలో మొదట పెట్టుకోండి, అంతకు మించిన ప్రచారం లేదు. తెలంగాణ బండి ఆంధ్రకు తేవాలంటే అక్కడి నిరభ్యంతర పత్రానికి (ఎన్ఓసీ), ఇక్కడ లైఫ్ ట్యాక్స్‌కు ఎంతవుతుందో కూడా ధర పక్కనే రాయండి.

అప్పుల గురించి వివరంగా చెప్పడానికి వేళ లేదు. కొనేవారికి ఒక్క మాట. ఫైనాన్సులో ఉన్న బండయితే, బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, అప్పు తీరిందని సంతకాలతో ఇచ్చే ఫారం 35 కళ్లారా చూడందే పూర్తి డబ్బు ఇవ్వకండి.