షాపురం కోటలో ఆకురాయి

అక్క సొత్తు దోచుకుని పారిపోయినవాడు వరంగల్ నగరాన్నే కొల్లగొడతాడని ఎవరనుకుంటారు? సర్వాయి పాపడి కథ అలా మొదలైంది. ఇప్పుడు పాపన్న గౌడ్‌గా కొలుస్తున్న ఈ గీత కార్మికుడు తొలుత దోచింది తోబుట్టువునే. జానపదులు ఆ ముక్క తలవరు గానీ, మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ వదల్లేదు.

మొఘల్ సేనాధికారులైన ఫౌజుదార్లు తరిమితే పాపడు కౌలాస్ జమీందారు వెంకటరావు కొలువులో తలదాచుకున్నాడు. అక్కడా దోపిడీ మానలేదు, జైలుపాలయ్యాడు. జమీందారు కొడుకుకు జబ్బు చేయగా, అతడి తల్లి మొక్కుగా ఖైదీలను విడిపించింది. బయటపడ్డ పాపడికి షాపురంలో సర్వ అనే మరో బందిపోటు తోడయ్యాడు. ఆ షాపురమే నేటి జనగామ జిల్లా ఖిలాషాపురం.

1708 ఏప్రిల్‌లో, మొహర్రం వేళ, పాపడు వరంగల్‌పై విరుచుకుపడ్డాడు.

ఇంటిపోరు మాత్రం వీడలేదు. ఫౌజుదారైన బావమరిదిని పాపడు షాపురం కోటలోనే బంధించాడు. పాపడి భార్య తమ్ముడికి పంపే అన్నంలో ఆకురాయి దాచి పెట్టింది. సంకెళ్లు తెగాయి, తోటి ఖైదీలూ బయటపడ్డారు, కోట చేజారింది.

1710లో, మారువేషంలో హసనాబాదు కల్లు దుకాణంలో కూర్చున్న పాపణ్ని దుకాణదారు ఆనవాలు పట్టాడు. పట్టుబడి ప్రాణం కోల్పోయిన పాపడి తల ఢిల్లీకి వెళ్లింది.