కత్తా? కరెంటా?

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశం అయ్యాక మన సభ్యులొకరు నన్ను పక్కకు పిలిచి, "డాక్టరు గారూ, మా బావగారికి గొంతులో క్యాన్సర్. మెడలో బిళ్ల కూడా కట్టింది. ఒకరు ఆపరేషన్ అంటున్నారు, ఇంకొకరు కరెంటు పెడితే చాలంటున్నారు. ఎవర్ని నమ్మమంటారు?" అని అడిగారు. ఆయనకు చెప్పిన జవాబే ఇవాళ మీకూ చెబుతున్నాను. నేను ఇ.ఎన్.టి. సర్జన్‌గా చేసి రిటైరయినవాణ్ణి. కత్తి వైపు కాస్త మొగ్గుంటుంది, అది మనసులో పెట్టుకుని వినండి.

ఆ బిళ్ల లింఫు గ్రంథి. గొంతులో క్యాన్సర్ కణాలు విడివడితే మొదట చేరేది సాధారణంగా అక్కడికే. చాలాసార్లు నొప్పి ఉండదు, అందుకే అశ్రద్ధ చేస్తాం. అయితే మెడకు పాకిందంటే ఆశ వదులుకోవాలని కాదు. ఊపిరితిత్తుల వంటి దూరపు చోట్లకు పోనంతవరకు చాలామందికి నయం చేసే ఉద్దేశంతోనే వైద్యం చేస్తారు.

1906లో అమెరికా సర్జన్ జార్జ్ క్రైల్ మెడ గ్రంథులన్నింటినీ ఒక్క ముద్దగా తీసే పద్ధతిని ప్రచురించాడు. వాటితోపాటు మెడ కండరం, పెద్ద సిర, భుజాన్ని ఎత్తే నరం కూడా పోయేవి. బతికి బట్టకట్టినా చెయ్యెత్తి తల దువ్వుకోవడం కష్టమయ్యేది. ఇప్పుడు వ్యాధి అంటని భాగాలను వీలైనంతవరకు కాపాడతారు.

ఇక గొంతు సంగతి. ముదిరిన స్వరపేటిక క్యాన్సర్‌కు ఒకప్పుడు పేటికనే తీసేసేవారు. 1991లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల పరిశోధన వెలువడింది. 332 మందిలో సగానికి ఆపరేషన్, తరువాత రేడియేషన్. మిగతా సగానికి ముందు కీమోథెరపీ, దానికి లొంగితే రేడియేషన్. రెండేళ్లకు రెండు వర్గాల్లోనూ 68 శాతం మంది బతికున్నారు. రెండో వర్గంలో 64 శాతం మందికి స్వరపేటిక దక్కింది. మా సర్జన్లకు మింగుడుపడని లెక్క!

ఇప్పుడు కీమో, రేడియేషన్ కలిపి ఇవ్వడమే ఎక్కువ. మామూలుగా 35 సార్లు, ఏడు వారాలు. 70 దాటినవారికి కీమో వల్ల అదనపు లాభం తగ్గుతుంది. సిస్‌ప్లాటిన్ మందు కిడ్నీలనూ వినికిడినీ దెబ్బతీయవచ్చు, మన వయసు వాళ్లు ఇది తప్పక అడగాలి.

ఆ తరువాత మెడను కోయాలా? 2016లో బ్రిటన్‌లో 564 మందిపై జరిగిన పరిశోధన వచ్చింది. చికిత్స ముగిసిన 12 వారాలకు పెట్ స్కాన్ తీసి, అనుమానం మిగిలినవారికే ఆపరేషన్ చేశారు. అందరికీ కోసిన వర్గం కంటే వీరి ఆయుష్షు తగ్గలేదు.

అలాగని కత్తికి పని లేదనుకోకండి. క్యాన్సర్ పేటిక మృదులాస్థిని చీల్చుకు వచ్చినా, మింగింది ఊపిరితిత్తుల్లోకి జారుతున్నా, పనిచేయని పేటికను నిలుపుకుని లాభం లేదు. గ్రంథి పొర దాటి వ్యాధి బయటికి వస్తే ఆపరేషన్ తరువాత రేడియేషన్ ఎలాగూ తప్పదు. కనుక డాక్టరును అడగాల్సింది రెండే: "కోశాక కూడా కరెంటు కావాలా? కరెంటుతో మిగిలే గొంతు పనిచేస్తుందా?"

ఒక్క మాట పళ్ల గురించి. పుచ్చిన పళ్లను రేడియేషన్‌కు ముందే తీయించాలి. తరువాత పీకితే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదముంది. నోరు ఎండిపోతుంది, పుళ్లు పడతాయి. అప్పుడే చాలామంది "పండగ వెళ్లాక వస్తాం" అని ఇంటికి పోతారు. మధ్యలో ఆపితే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి.

ఆ బావగారికి రేడియేషన్ మొదలై నాలుగో వారం. మజ్జిగ తప్ప గొంతు దిగడం లేదట. ముక్కు గొట్టం వేయించి అయినా సరే కొనసాగించమని నిన్ననే చెప్పాను.