నీడలో పూచే పొద



చెట్లన్నీ వసంతం కొరకే వేచి ఉండవు. ఉత్తర అమెరికా తూర్పు అడవులలో, నోవా స్కోషియా మొదలు ఫ్లోరిడా వరకు, 'విచ్ హేజెల్' అనే పొద సహజంగా పెరుగుతుంది. ఓక్, మేపుల్ వంటి మహావృక్షాల నీడలో 15, 20 అడుగుల ఎత్తున గుబురుగా నిలుస్తుంది. అక్టోబరు, నవంబరు మాసాలలో పెద్ద చెట్లు ఆకులు రాల్చే వేళ ఇది పసుపుపచ్చని పూలు పూస్తుంది. సన్నని నాలుగు రేకులు చలి హెచ్చినపుడు ముడుచుకొని, తగ్గినపుడు విచ్చుకొంటాయి.

పేరు విని మంత్రగత్తెలకు సంబంధించినదని భ్రమపడనవసరం లేదు. సులువుగా వంగేదని అర్థమిచ్చే ప్రాచీన ఆంగ్ల పదమే ఆ 'విచ్'. 1753లో లిన్నేయస్ దీనికి 'హమమేలిస్ వర్జీనియానా' అని పేరిడినాడు. గ్రీకు భాషలో ఆ మొదటి పదానికి 'ఫలంతో కూడినది' అని భావం. నిరుటి పూవు నేడు కాయగా పండే సమయంలోనే కొత్త పూవు పూస్తుంది. పండిన కాయ చిటుక్కున పగిలి, రెండు నల్లని గింజలను ముప్పై అడుగుల దూరం వరకు విసరగలదు.

దీనిని పెంచదలచినవారికి మొదట కావలసినది ఓర్పు. గింజ సాధారణంగా రెండు శీతాకాలాలు గడచిన పిదపనే మొలకెత్తుతుంది. పాక్షికమైన నీడ, నీరు నిలువని తేమనేల, కొద్దిపాటి ఆమ్లగుణం దీనికి హితం. రాలిన ఆకులను ఊడ్చివేయక మొదట్లోనే ఉంచాలి. లేత మొక్కలను జింకలు మేయకుండా కంచె కట్టాలి. దీని బెరడు కషాయాన్ని అక్కడి ఆదివాసులు వాపులకు ఔషధంగా వాడేవారు. దీని నుండి దింపిన అర్కం నేటికీ మందుల దుకాణాలలో లభిస్తుంది.

అయితే దీనిని తెచ్చి మన బడి తోటలో నాటవచ్చునా? శీతాకాలపు గట్టి చలి లేని ఉష్ణ మైదానాలు దీనికి తగవు. పైగా అందానికై తెచ్చిన మొక్క అనర్థమైన ఉదాహరణ మన కళ్ళ ఎదుటనే ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో అమెరికా ఉష్ణప్రాంతాల నుండి వచ్చిన లంటానా, నేడు కర్ణాటక, తమిళనాడు అడవులలో చెట్ల క్రింది నేలను విస్తారంగా ఆక్రమించినది. పరాయిది కావడం దాని దోషం కాదు. తన చెంత మరొక మొక్కను ఎదగనీయకపోవడమే దోషం.

నీడను ఓర్చుకొనే మొక్కలు మనకూ ఉన్నవి. వంటింటి కరివేపాకు అడవిలో పెద్ద చెట్ల క్రింద పెరిగేదే. దాని పండ్లను తిన్న పక్షులే విత్తులు చల్లుతాయి. అడ్డసరం కూడా కొంత నీడలో చక్కగా పెరుగుతుంది. బడి ఆవరణలోని పెద్ద చెట్ల క్రింద నాటదగినవి ఇవి.

పొరుగు భాషల నడుమ 75 ఏండ్లు తెలుగును నిలుపుకొన్న పాఠశాలకు నీడలో పెరగడమంటే ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులకు మాత్రం ఒక విన్నపం. తొలి వసంతంలో మొలకెత్తలేదని విచ్ హేజెల్ గింజను త్రవ్వి పారవేసినవాడు మొక్కనే పోగొట్టుకొంటాడు. తరగతిలో వెనుకబడిన బిడ్డను తోటివారితో పోల్చి చిన్నబుచ్చే ముందు, రెండవ శీతాకాలం గడవనివ్వండి.

స్వస్తి.