ఇంటిలో దీపముల అమరిక
(కడియం ప్రాంత రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



కడియం, కడియపులంక, బుర్రిలంక గ్రామములలో చాల ఇండ్లను ఆనుకొనియే నర్సరీ ఉన్నది. ఇంటి వెలుతురు ఇంటితో ఆగక మొక్కలమీద కూడ పడుచున్నది. కనుక దీపముల సంగతి మీరు ఇతరులకంటె కొంత ఎక్కువగా తెలిసికొనవలెను.

గది నడుమ ఒక పెద్ద దీపము వ్రేలాడదీసినంత మాత్రమున చాలదు. పని ఎక్కడ జరుగునో దీపము అక్కడ ఉండవలెను. వంటయింటిలో దీపము వెనుకనున్నచో వండేవారి నీడయే పొయ్యిమీద, కత్తిపీటమీద పడును. బియ్యములో రాయి కనిపించదు, వ్రేలు తెగును. కావున దీపమును పొయ్యిగట్టుకు ఎదుటి గోడకు, పైన అమర్చండి. కుడిచేతితో వ్రాసే పిల్లలకు వెలుతురు ఎడమ ప్రక్కనుండి రావలెను. గోడలకు తెల్లసున్నము వేసిన అదే దీపము మరింత వెలుగునిచ్చును.

పాత 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగినచో నెలకు 9 యూనిట్లు ఖర్చగును. దాదాపు అంతే వెలుతురునిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు ఒకటిన్నర యూనిట్లు కూడ పట్టవు. మిగిలిన దానితో పెరటి దారికి, పశువుల పాకకు ఒక్కొక్క దీపము పెట్టుకొనవచ్చును. కట్లపాము, రక్తపింజర తిరిగే నేల ఇది. స్విచ్చి తలుపు లోపలి ప్రక్కనే ఉండవలెను; దీపము వేసిన తరువాతనే అడుగు బయట పెట్టవలెను. వానజల్లు తగిలేచోట నీరు చొరని మూతగల దీపమే వాడండి.

ఇక చామంతి సంగతి. చామంతి రాత్రులు పొడవైనపుడే మొగ్గ తొడుగును. అరుగుమీది దీపము తెల్లవార్లూ దానిమీద పడినచో ఆకు పెరుగుచునే యుండును, పూత ఆలస్యమగును. సంక్రాంతి బేరము దాటిన తరువాత పూచి ఏమి లాభము? క్రిస్మసుకు అమ్మే పాయిన్‌సెట్టియా కూడ ఇట్టిదే. ఎరువును, పిలకను తప్పుపట్టక ముందు, వెన్నెల లేని రాత్రి మడిలో నిలబడి చూడండి. మీ నీడ మొక్కలమీద పడినచో ఇంటి వెలుతురు వాటికి తగులుచున్నదన్న మాట. అప్పుడు దీపముపై రేకు మూత వేసి వెలుగు క్రిందికే పడునట్లు చేయండి. పడుకొనే ముందు స్విచ్చి కట్టివేయండి. తెల్లని వెలుగుకంటె పసుపు వెలుగుకు పురుగులు తక్కువగా చేరును గనుక అరుగుకు అదే మేలు.

ఇంటికి కావలసినంత వెలుతురు ఇంటికి ఇవ్వండి. మొక్కకు కావలసిన చీకటిని మొక్కకు విడిచిపెట్టండి.